పేరు అడిగి రాసుకో

చిరంజీవి బుజ్జమ్మకి సఖినేటిపల్లి నుంచి తాతయ్య ఆశీస్సులు.

పొద్దున్నే మీ అమ్మ ఫోన్. "మీ మనవరాలు ఒక్కతే బెంగళూరు పోతానంటోంది, ఏదో బ్యాండు కోసమట" అని ఒకటే గోల. హైదరాబాదులో పెద్ద బ్యాండు చూడ్డానికి వెళ్తే, ముందు అరగంట వాయించిన ఎవరూ ఎరగని పిల్లలు నీ మనసులో ఉండిపోయారట. ఆ రాత్రే వాళ్ళ పేరు అడిగి రాసుకున్నావట. ఇప్పుడు బెంగళూరు వెళ్ళేది వాళ్ళ పాట కోసమేనట. ఒక్కదానివే అనగానే గుండె దడదడలాడింది. పేరు అడిగావని వినగానే కళ్ళు చెమ్మగిల్లాయి.

రానూపోనూ టిక్కెట్లు ముందే చేయించుకో. రాత్రి బస ఎక్కడో అమ్మకి రాసిచ్చి వెళ్ళు.

చెవుల మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. స్పీకరు ముందు నిలబడితే ఊరుకోను. మందుల షాపులో ఫోము బిరడాలు అమ్ముతారు. వేళ్ళ మధ్య సన్నగా నలిపి చెవిలో పెట్టి, ఉబ్బేదాకా అదిమి పట్టుకో. పాట పోదు, హోరు తగ్గుతుంది. ఓడ ఇంజిన్ రూములో 22 ఏళ్ళు చేసిన నా ఎడమ చెవిలో రాత్రంతా ఈల మోగుతూనే ఉంటుంది. ఆ బాధ నీకొద్దు తల్లీ.

1979లో మా ఓడ లివర్‌పూల్ రేవులో ఉండగా, మాథ్యూ స్ట్రీట్‌లో ఎరిక్స్ అని నేలమాళిగలో క్లబ్బు ఉంటే వెళ్ళాను. అసలు బ్యాండుకి ముందు నలుగురు ఎక్కారు. హాలు సగం ఖాళీ. పాటంతా బేస్ గిటారే నడిపింది, మామూలు గిటారు పైన గాజుపెంకుతో గీసినట్టు సన్నగా వినిపించింది. మన గోదారి దాటించే పంటు పడవ రేవు వదిలేటప్పుడు చెక్కల్లోంచి అరికాళ్ళకి ఎక్కుతుందే ఇంజిన్ దడ, ఆ బేస్ మోత అచ్చం అదే. బేస్ వాయించే అమ్మాయి చూపుడువేలికి తెల్ల ప్లాస్టరు ఉంది. చివరి పాటకి అది ఊడి వేలాడుతున్నా ఆపలేదు.

మెట్ల దగ్గర బల్ల మీద వాళ్ళ చిన్న రికార్డు అమ్ముతున్నారు, కాగితం చేత్తో మడిచిన అట్ట. తీశాను. మా చెల్లి పెళ్ళికి పంపాల్సిన డబ్బు గుర్తొచ్చి కింద పెట్టేశాను. దానికి నాకు విచారం లేదు. కానీ పేరు అడగడానికి డబ్బక్కర్లేదు కదే! నా ఇంగ్లీషుకి సిగ్గుపడి అడగలేదు. అట్ట మీదది కూడా చదవలేదు. మళ్ళీ ట్రిప్పులో చూద్దాంలే అనుకున్నా. మరుసటేడు వేసవిలో వెళ్తే తలుపుకి తాళం. 1980 మార్చిలోనే క్లబ్బు మూసేశారు. రికార్డుల షాపులన్నీ తిరిగాను. వేలికి ప్లాస్టరున్న అమ్మాయి అంటే ఎవరు మాత్రం ఏం తీసిస్తారు? ఆ బేస్ వరస ఇప్పటికీ నోట్లో ఆడుతుంది, ఎవరిదో తెలీదు.

1979 చివర్లో బజ్‌కాక్స్ అనే బ్యాండు బ్రిటన్ అంతా తిరుగుతూ వాయిస్తుంటే, వాళ్ళకి ముందు వాయించింది జాయ్ డివిజన్ అనే ఇంకో బ్యాండు. అసలు బ్యాండు ఎక్కాక లోపలికి వెళ్దాంలే అని బయట నిలబడ్డవాళ్ళు ఎందరో! మళ్ళీ విందామనుకుంటే, ఆ వచ్చే మే నెలలోనే జాయ్ డివిజన్ పాటగాడు ఇయాన్ కర్టిస్ పోయాడు, 23 ఏళ్ళకే.

అందుకని, నీ బ్యాండు పిల్లలకీ ఈసారి ముందు ఎవరో ఒకరు వాయిస్తారు. వాళ్ళనీ మొదటి నుంచీ విను. వాళ్ళు వేదిక దిగగానే వెళ్ళి పేరు అడుగు, ఫోన్లో కాదు, పుస్తకంలో రాసుకో. బల్ల మీద క్యాసెట్టు ఉన్నా, సీడీ ఉన్నా కొను. మీ అమ్మ చేతికి 2,000 పంపుతున్నా. అది కూరకీ నారకీ కాదని ఆవిడకీ చెప్పాను.

తిరిగొచ్చాక నరసాపురంలో పంటు ఎక్కి నా దగ్గరికి రా. టేప్‌రికార్డరు బాగు చేయించి ఉంచుతా. కుడి చెవికి ఇంకా బాగానే వినపడుతుంది, నువ్వు ఆ పక్కన కూర్చో.

మీ తాతయ్య