ఉద్యోగం మానేముందు లోన్ తీసి పెట్టుకోవాలా?

ప్రశ్న: మాది మియాపూర్. మావారి జీతం చేతికి 82 వేలు, నాది 58 వేలు. పాపకు నాలుగో నెల. వచ్చే నెలతో నా ప్రసూతి సెలవు అయిపోతుంది. తర్వాత ఉద్యోగం మానేసి మూడేళ్లు పాపను చూసుకోవాలని ఉంది. ఇంటి లోన్ ఇంకా 43 లక్షలు, ఈఎంఐ 41 వేలు. ఇంటి ఖర్చు 38 వేలు. చిట్టీకి నెలకు 10 వేలు, ఇంకా 8 నెలలుంది, పాడుకోలేదు. బ్యాంకులో 1.2 లక్షలున్నాయి. మానేశాక నాకు లోన్ ఇవ్వరు కదా, అందుకే ఇప్పుడే 5 లక్షల పర్సనల్ లోన్ తీసి, నెలనెలా తక్కువపడింది అందులోంచి వాడుకుందామనుకుంటున్నాం. పాప పేరు మీద సుకన్య ఖాతా కూడా తెరవాలని ఉంది. ఈ కంపెనీలో చేరి 4 ఏళ్ల 4 నెలలైంది. అవసరమైతే కొన్నాళ్లు అత్తగారు వచ్చి ఉంటానన్నారు.

జవాబు: ఆ లోన్ కోసం బ్యాంకు గడప తొక్కకండి. 'జీతం స్లిప్ ఉండగానే తీసి పెట్టుకుందాం' అనే ఆలోచన ఈమధ్య చాలా ఇళ్లలో వింటున్నాను. మానేయబోతున్న జీతాన్ని చూపించి అప్పు తెచ్చుకోవడం జాగ్రత్త ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మీ లెక్కే చూద్దాం. ఈఎంఐ, ఇల్లు, చిట్టీ కలిపి 89 వేలు. ఆయన జీతం పోను తక్కువపడేది 7 వేలు. అదీ చిట్టీ నడిచే 8 నెలలే, అంటే మొత్తం 56 వేలు. దీనికి 5 లక్షల అప్పా? 14 శాతం వడ్డీతో నాలుగేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 13,660. అంతే, 7 వేల లోటు 20 వేలు దాటిపోతుంది. చిట్టీ అయిపోయాక కూడా నెలకు 10 వేల పైనే లోటు. మూడేళ్ల మూడు నెలలకల్లా ఆ 5 లక్షలూ ఖాళీ, ఈఎంఐలు మాత్రం ఇంకా తొమ్మిది మిగిలే ఉంటాయి. మీ ఇంటికి ఉపయోగపడింది 56 వేలు. మిగతాదంతా ఆ లోన్ తనను తాను తీర్చుకోవడానికే పోయింది. వడ్డీ లక్షన్నర దాటింది.

నన్ను భయపెట్టింది మీ 7 వేల లోటు కాదు, బ్యాంకులో ఉన్న ఆ 1.2 లక్షలు. చిట్టీ కాక, ఈఎంఐకీ ఇంటికీ కలిపి నెలకు 79 వేలు కచ్చితంగా కావలసిన ఇంటికి అది నెలన్నర తిండి. ఇన్నాళ్లూ ఒకరి జీతం ఆగితే రెండోది ఉంది. మీరు మానేసిన రోజు నుంచి అది లేదు. 'మావారి కంపెనీ మంచిదే' అంటారు, అందరూ అంటారు. ఆరు నెలల ఖర్చు, అంటే 4.74 లక్షలు చేతిలో లేకుండా రాజీనామా ఇవ్వకండి. బీరువాలో బంగారం ఉంది కదా అనకండి, అది తాకట్టు పెడితే మళ్లీ అప్పే.

అత్తగారిని పిలిపించుకుని సెలవు తర్వాత ఏడు నెలలు ఉద్యోగం చేయండి. ఆయన జీతంతోనే ఇల్లు నడపండి, మీ జీతంలోంచి ఆ 7 వేలు మాత్రం ముట్టుకోండి. మిగతా 51 వేలు ఏడు నెలలకు 3.57 లక్షలు. ఉన్నవాటితో కలిపితే 4.77 లక్షలు. ఒక్క జీతంతో బతకగలరో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. కాగితం మీద 38 వేలు రాసిన ఇళ్లలో 45 వేలు ఖర్చయిన సందర్భాలు చాలా చూశాను, పాప టీకాలు, డాక్టరు ఫీజులు వేరే.

పసిపాపను వదిలి ఆఫీసుకు వెళ్లడం చెప్పినంత తేలిక కాదు, తెలుసు. ఇంటి నుంచి పని అడిగి చూడండి. 50 మంది అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని చట్టం చెబుతోంది, అదీ అడగండి. ఈ ఏడు నెలలతో మీ సర్వీసు 5 ఏళ్లు నిండుతుంది. ప్రసూతి సెలవు కూడా సర్వీసులోకే వస్తుంది. 5 ఏళ్లు నిండాక మానేసేవాళ్లకు కంపెనీ ఇవ్వాల్సిన గ్రాట్యుటీ, బేసిక్ జీతం 28 వేలు అనుకుంటే, 80 వేల పైన. వచ్చే నెలతో మానేస్తే ఇది పోగొట్టుకున్నట్టే. పీఎఫ్ మాత్రం కదిలించకండి. చిట్టీ కూడా ఆ సమయానికే పూర్తవుతుంది, చివరిదాకా ఆగి తీసుకోండి.

కుటుంబానికి హెల్త్ పాలసీ ఎవరి కంపెనీది? మీదైతే మానేసిన రోజే పోతుంది. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే ఉండే 10 లక్షల ఫ్లోటర్ పాలసీ ఇప్పుడే తీసుకోండి, మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వర్తించదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు జీఎస్టీ కూడా లేదు. ఆయనకేమైనా అయితే మీకు డబ్బొచ్చేలా కనీసం 1.5 కోట్ల టర్మ్ బీమా ఉండాలి, 43 లక్షల లోన్ తీర్చాక మీకూ పాపకూ ఏదో ఒకటి మిగలాలి కదా. మీకూ ఒక టర్మ్ పాలసీ జీతం ఉండగానే తీసుకోండి, గృహిణి అనగానే బీమా కంపెనీలు చెయ్యి బిగిస్తాయి. జీతం స్లిప్‌తో చేయాల్సిన పని ఇదీ.

సుకన్య ఖాతా 250 రూపాయలతో తెరిచి పెట్టండి. పెద్ద మొత్తాలు 4.74 లక్షలు నిండాకే.