అవార్డ్ లెటర్ వచ్చింది, సంతకం పెట్టేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా పౌరురాలు. అక్కడే డెంటల్ స్కూల్‌లో సీటొచ్చింది. ఎంత ఆర్థిక సాయం (ఎయిడ్) అందుతుందో చెబుతూ స్కూల్ పంపిన అవార్డ్ లెటర్ చూస్తే ఖర్చు చాలావరకు ఎయిడ్‌లోనే పోయేట్టుంది. మిగతాదానికి బ్యాంకులో ప్రైవేట్ లోన్ తీసుకుంటా, హామీగా కో-సైన్ చెయ్యి నాన్నా అంటోంది. చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ముందు ఆ లెటర్ వరుస వరుసా చదవండి. గ్రాంట్, స్కాలర్‌షిప్ అని ఉన్నవి తిరిగి కట్టక్కర్లేదు. 'డైరెక్ట్ అన్‌సబ్సిడైజ్డ్' అని ఉన్నది అచ్చంగా అప్పు, ఫెడరల్ (అమెరికా కేంద్ర) ప్రభుత్వం ఇచ్చేది. అన్నీ కలిపి కింద ఒకే మొత్తం వేసేసరికి చదువుకున్నవాళ్లు కూడా పొరబడుతుంటారు.

ఆ అప్పుకు డబ్బు విడుదలైన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఏటా 50,000 డాలర్లు, వడ్డీ 8 శాతం అనుకుందాం. మొదటి ఏడాది తీసుకున్నదానికే నాలుగేళ్లలో 16,000 అవుతుంది. తర్వాతి ఏళ్లవి 12,000, 8,000, 4,000. అంటే పట్టా చేతికొచ్చేసరికి 2 లక్షల అసలు మీద దాదాపు 40,000 వడ్డీ కూర్చుంటుంది. ఈ లెక్క అమ్మాయి చేతే కాగితం మీద వేయించండి, మీరు వేసి చూపిస్తే క్లాసు పీకుతున్నారనుకుంటుంది.

పైగా నిబంధనలు మారాయి. ఖర్చు మొత్తానికీ అప్పిచ్చే ఫెడరల్ గ్రాడ్ ప్లస్ లోన్ 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు లేదు. డెంటల్, మెడిసిన్, లా లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000, మొత్తమ్మీద 2 లక్షల డాలర్లు దాటదు. మీ అమ్మాయి ప్రైవేట్ లోన్ మాటెత్తడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

ఆ లోటుకు ముందు ఎయిడ్ ఆఫీసునే అడగండి. ఆరోగ్య కోర్సుల కోసం కొన్ని స్కూళ్ల ద్వారా ఇచ్చే హెచ్‌పీఎస్‌ఎల్ అప్పు ఉంది. వడ్డీ 5 శాతమే, చదివినన్నాళ్లూ అదీ పడదు. డిగ్రీ తర్వాతి కోర్సులు చదివే (గ్రాడ్యుయేట్) విద్యార్థులను ఫాఫ్సాలో, అంటే ఫెడరల్ ఎయిడ్ దరఖాస్తులో, తల్లిదండ్రుల వివరాలు అడగరు కాబట్టి చాలామంది ఆ భాగం వదిలేస్తారు. ఈ అప్పుకేమో సాధారణంగా అవే కావాలి. నింపమనండి. సైన్యంలో పనిచేయడానికి ఇష్టమైతే హెచ్‌పీఎస్‌పీ, డెంటిస్టులు కరువైన ప్రాంతాల్లో పనిచేస్తానంటే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ స్కాలర్‌షిప్పులున్నాయి. బదులుగా కొన్నేళ్లు సేవ చేయాలి. ఆ మాట అమ్మాయే ఇవ్వాలి, ఆమె తరఫున మీరు కాదు.

ఇవన్నీ అయ్యాకే ప్రైవేట్ లోన్. ఆదాయాన్ని బట్టి వాయిదా తగ్గించుకునే ఫెడరల్ పథకాలు దానికి వర్తించవు. ప్రభుత్వ, లాభాపేక్ష లేని సంస్థల్లో పనిచేస్తూ 120 వాయిదాలు కడితే మిగతాది మాఫీ చేసే సౌకర్యమూ ఉండదు. ఆమె కట్టలేకపోతే బ్యాంకు మీ దగ్గరికే వస్తుంది. మీ రిటైర్మెంట్ ఎప్పుడో చూసుకుని అప్పుడు చెప్పండి.

ఇంకొక్కటి. ఇస్తామన్నారు కదా అని ఫెడరల్ అప్పైనా మొత్తం తీసుకోనక్కర్లేదు. మిగిలిన డబ్బు విడుదలైన 120 రోజుల్లోపు వెనక్కిచ్చేస్తే దాని మీద వడ్డీ, ఫీజు రెండూ పడవు.