ఫోను మోగుతుంది, అవతలి మాట మాత్రం రాదు

ప్రశ్న: ఇంటర్నెట్ ఫోను అడాప్టర్‌ను రౌటర్‌కు కలిపాను. కాల్ వస్తే మోగుతుంది. ఎత్తితే నా మాట అవతలివారికి వినిపిస్తుంది, వారి మాట నాకు వినిపించదు. అర నిమిషానికల్లా లైను తెగిపోతుంది. సెట్టింగుల్లో ప్రాక్సీ సర్వర్, ఔట్‌బౌండ్ ప్రాక్సీ అని రెండు గళ్లు ఉన్నాయి. బ్రౌజర్‌లో వాడే ప్రాక్సీ చిరునామానే అక్కడా రాసి చూస్తే అసలు రిజిస్టరే కాలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ బ్రౌజర్ ప్రాక్సీ చిరునామాను తీసేయండి. పేరు ఒకటే గానీ పని వేరు. బ్రౌజర్ ప్రాక్సీ వెబ్ పేజీలను తెచ్చిపెడుతుంది. మీ అడాప్టర్ అడిగేది సిప్ (ఇంటర్నెట్ కాల్‌ను కలిపే, తెంపే నియమాల పేరు) ప్రాక్సీని, అంటే ఎవరు ఎవరిని పిలుస్తున్నారో, ఆ పిలుపు ఎక్కడికి చేరాలో చూసే సర్వర్‌ను. దాని పోర్టు, అంటే ఒకే చిరునామాలో ఆ సేవకు ఉండే తలుపు అంకె, మామూలుగా 5060. మొదటి గడిలో మీకు ఫోను సేవ ఇస్తున్న సంస్థ చెప్పిన సర్వర్ పేరు రాయండి. ఔట్‌బౌండ్ ప్రాక్సీ అంటే అడాప్టర్ నుంచి బయలుదేరే ప్రతి సందేశమూ మొదట వెళ్లవలసిన చోటు. ఆ పేరు సంస్థ విడిగా ఇస్తే రాయండి, ఇవ్వకపోతే గడిని ఖాళీగా వదిలేయండి.

ఇక అసలు జబ్బు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ఆ ‘అర నిమిషం’. గడియారం దగ్గర పెట్టుకుని చూడండి, దాదాపు 32 సెకన్లు ఉంటుంది. మీరు ఫోను ఎత్తగానే అడాప్టర్ ‘ఎత్తాను’ అని కబురు పంపి, అది అందిందన్న జవాబు కోసం చూస్తుంది. రాకపోతే మళ్లీ మళ్లీ పంపుతుంది. సిప్ నియమాల ప్రకారం ఆ ఓపిక 32 సెకన్లు. అది దాటితే కాల్‌ను తెంపేస్తుంది.

జవాబు ఎందుకు రాదంటే, మీ అడాప్టర్ తన చిరునామాను 192.168.1.20 వంటి లోపలి అంకెలతో చెప్పుకుంటోంది. ఉత్తరం మీద ఊరూ వీధీ లేకుండా ‘పడమటి గది’ అని మాత్రమే రాసినట్టు. రౌటర్ ప్రతి ప్యాకెట్ పైనున్న చిరునామాను మారుస్తుంది గానీ సందేశం లోపల రాసిన దాన్ని ముట్టుకోదు. ‘మాటను ఈ చిరునామాకు పంపండి’ అన్న వివరం ఉండేది ఆ లోపలే. పిలుపు సిప్ దారిలో వస్తుంది, మాట ఆర్‌టీపీ అనే వేరే దారిలో, వేరే పోర్టులలో వస్తుంది. అందుకే ఫోను మోగుతుంది, మీ మాట బయటికి వెళుతుంది, అవతలివారి మాట మాత్రం దారి తప్పుతుంది.

మందు వేసే ముందు మీ రౌటర్ పేజీ తెరిచి, వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటి వైపున ఉండే చిరునామా) అన్న చోట ఏముందో చూడండి. అక్కడ కూడా 192.168తోనో 10తోనో మొదలయ్యే చిరునామా ఉంటే, మోడెమ్ కూడా రౌటర్ పని చేస్తోందన్న అనుమానం బలపడుతుంది. అప్పుడు చిరునామా రెండుసార్లు మారుతోందన్నమాట. మోడెమ్‌ను బ్రిడ్జ్ పద్ధతిలోకి, అంటే చిరునామాలు మార్చకుండా దారి మాత్రమే ఇచ్చేలా మార్చి, ఒక్క రౌటర్‌నే ఆ పని చేయనివ్వండి. 100.64 నుంచి 100.127 లోపు అంకెలు కనిపిస్తే, చిరునామా మార్పు ఇంటర్నెట్ ఇచ్చేవారి దగ్గర కూడా జరుగుతోంది. మీ రౌటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా అప్పుడు ఫలితం ఉండదు.

తరువాత రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఉంటే ఆపేయండి. ఫోను సందేశాలను సరిదిద్దడానికే దాన్ని పెట్టారు, కానీ చాలా రౌటర్లలో అది సగం దిద్ది సగం వదిలేస్తుంది. నా అనుభవంలో ఇలాంటి ఫిర్యాదుల్లో మొదట పట్టుకోవలసిన దొంగ ఇదే. ఆపాక రౌటర్‌నూ అడాప్టర్‌నూ రెండింటినీ ఒకసారి ఆపి వెలిగించండి. అయినా మాట రాకపోతే అడాప్టర్‌లో స్టన్ సర్వర్ గడి నింపండి. బయటి ప్రపంచానికి తాను ఏ చిరునామాతో కనిపిస్తున్నదీ అడాప్టర్ దాన్ని అడిగి తెలుసుకుంటుంది. ఒక్కో గమ్యానికి ఒక్కో పోర్టు కేటాయించే రౌటర్ల వెనుక స్టన్ పనిచేయదు. అక్కడ మాటను కూడా తన మీదుగా నడిపే సర్వర్ సేవాసంస్థ దగ్గర ఉండాలి, అడగండి.

ఒక్క పని మాత్రం దయచేసి చేయవద్దు. విసిగిపోయి అడాప్టర్‌ను డీఎంజెడ్‌లో (రౌటర్ కాపలా లేని చోట) పెట్టి బయటి ప్రపంచానికి పూర్తిగా తెరవకండి. 5060 పోర్టు తెరిచి ఉన్న పరికరాల కోసం రాత్రీపగలూ వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. సంకేతపదం బలహీనంగా ఉంటే మీ ఖాతా మీద విదేశాలకు కాల్స్ వెళ్లిపోతాయి, బిల్లు మీకు వస్తుంది.

ప్రశ్న: మాట బాగానే వస్తుంది. ఎవరైనా పెద్ద ఫైలు పంపుతుంటే మాత్రం ముక్కలవుతుంది. వేగం చాలక పోవడమేనా?

జవాబు: కాకపోవచ్చు. మాటను అంకెలుగా మార్చే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కో వైపు సెకనుకు 90 కిలోబిట్లలోపే చాలు. సెకనుకు 50 చిన్న ప్యాకెట్లు వెళతాయి. అవి ఫైలు తాలూకు పెద్ద ప్యాకెట్ల వెనుక వరుసలో నిలబడిపోవడమే చిక్కు. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ ప్యాకెట్లు ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగు) తెరిచి ఫోనుకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. అప్‌లోడ్ పరిమితిని, మీరు కొలిచిన వేగం కన్నా పదో వంతు తక్కువగా పెట్టండి. ఈ రెండోది చేయకపోతే వరుస మోడెమ్‌లో పేరుకుంటుంది, రౌటర్ ఇచ్చిన ప్రాధాన్యం అక్కడ చెల్లదు.

ప్రశ్న: ఒకే రౌటర్ వెనుక రెండు అడాప్టర్లు పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. ఒకదానికి లోకల్ పోర్టు 5060, రెండోదానికి 5062 ఇవ్వండి. ఆర్‌టీపీ పోర్టుల వరుసలు కూడా ఒకదానితో ఒకటి కలవకుండా చూడండి.