48 వోల్టుల ఎస్‌ఆర్ (స్విచ్డ్ రిలక్టెన్స్) మోటార్‌ని సొంతంగా చేస్తే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, అయస్కాంతాలు ఉండే మోటార్) కంటే చవకగా పడుతుందా?

మోటార్ వరకు కచ్చితంగా చవకే. రోటర్‌లో (తిరిగే భాగంలో) అయస్కాంతం లేదు, వైండింగ్ లేదు, ఉత్త స్టాంపింగుల (అచ్చుతో కోసిన ఉక్కు రేకుల) కట్ట. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని రేర్ ఎర్త్ అయస్కాంతాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాక చాలామంది ఇటు చూస్తున్నారు, మంచిదే. కానీ అక్కడ మిగిలే డబ్బులో కొంత లేత్ పనికి, కొంత డ్రైవ్ బోర్డుకి (మోటార్‌ని నడిపే సర్క్యూట్‌కి) పోతుంది. చిన్న మోటార్లు చేయించిన అనుభవంతో చెబుతున్నాను.

పోల్స్ (పళ్లు) విషయంలో 6/4 (కదలని స్టేటర్‌కి 6 పళ్లు, రోటర్‌కి 4) జోలికి పోకుండా 12/8 తీసుకోండి. రెండిటికీ ఫేజులు (విడివిడిగా ఆన్ అయ్యే వైండింగ్ జట్లు) మూడే కాబట్టి స్విచ్‌ల ఖర్చు పెరగదు. 12/8లో స్టేటర్‌ని లాగే బలం ఒకేసారి నాలుగు వైపులా పడుతుంది, బాడీ కోడిగుడ్డులా నొక్కుకుపోవడం తగ్గి మోత కూడా తగ్గుతుంది.

ఎయిర్ గ్యాప్ (రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య ఖాళీ) 0.3 మి.మీ. దగ్గర ఉంచుకుంటే మంచిది. అంత సన్నటి గ్యాప్‌లో బేరింగ్ సీటు కొంచెం పక్కకి జరిగినా రోటర్ ఒక వైపే లాగుతుంది. అందుకే బోరింగ్ బాగా చేసే లేత్ షాపు వెతకండి, ఇక్కడ బేరం వద్దు. బిగించాక రోటర్ పళ్లు స్టేటర్ పళ్లకి ఎదురుగా ఉన్నప్పుడు ఒకసారి, రెండు పళ్ల మధ్య ఉన్నప్పుడు ఒకసారి ఎల్‌సీఆర్ మీటర్‌తో వైండింగ్ ఇండక్టెన్స్ కొలవండి. ఈ రెండిటి మధ్య తేడా ఎంత ఎక్కువ ఉంటే టార్క్ (తిప్పే బలం) అంత బాగుంటుంది. తేడా తక్కువ వస్తే డ్రైవ్ ఎంత బాగా చేసినా లాభం లేదు.

ఇక బోర్డు. మామూలు బీఎల్‌డీసీ కంట్రోలర్ దీనికి పనికిరాదు. ఒక్కో ఫేజ్‌కి పైన ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్), కింద ఒకటి, మధ్యలో వైండింగ్, రెండు ఫాస్ట్ డయోడ్లు కావాలి. వైండింగ్ మధ్యలో ఉంది కాబట్టి రెండు స్విచ్‌లూ కలిసి ఆన్ అయినా సప్లై నేరుగా షార్ట్ అవ్వదు, ఇది దీని పెద్ద సుగుణం. పై మాస్‌ఫెట్‌కి చవకైన బూట్‌స్ట్రాప్ డ్రైవర్ ఐసీ (ఒక చిన్న కెపాసిటర్‌లోని చార్జ్‌తో పై స్విచ్‌ని ఆన్ చేసే చిప్) చాలు, కాకపోతే ఒక కిటుకుంది: స్టార్ట్ చేసే ముందు కింది మాస్‌ఫెట్‌ని కాసేపు ఆన్ చేయాలి. అప్పుడు వైండింగ్ గుండా బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ చార్జ్ అవుతుంది. తర్వాత కరెంటుని కట్టడి చేయడానికి పై స్విచ్‌నే ఆన్-ఆఫ్ చేస్తూ ఉండండి. కింది దానితో చేస్తే కెపాసిటర్ ఖాళీ అయిపోయి పై మాస్‌ఫెట్ సగం ఆన్‌లో కాలిపోతుంది.

రోటర్ పొజిషన్‌కి షాఫ్ట్ మీద గాడులు కోసిన డిస్కు, ఆప్టో (వెలుతురుతో పనిచేసే) సెన్సర్లు చాలు. పళ్లు ఎదురెదురుగా వచ్చేలోపే ఫేజ్ ఆపేయాలి, స్పీడ్ పెరిగేకొద్దీ ఆన్ చేసేదీ ఆపేదీ ఇంకా ముందుకి జరపాలి.

పెద్ద కెపాసిటర్లని మాస్‌ఫెట్ల పక్కనే పెట్టండి. మొదటి పరీక్ష బెంచ్ సప్లైతో (టేబుల్ మీద పెట్టుకునే పవర్ సప్లై) కాకుండా ఫ్యూజ్ వేసి బ్యాటరీతో చేయండి. ఫేజ్ ఆఫ్ అయినప్పుడల్లా వైండింగ్‌లోని శక్తి వెనక్కి వస్తుంది, బ్యాటరీ దాన్ని తీసుకుంటుంది. చాలా బెంచ్ సప్లైలు తీసుకోలేవు, బోర్డు మీద వోల్టేజ్ పెరిగిపోతుంది.