సగం మ్యాచ్ అంటే సగం ఛాన్స్ కాదండీ

"నాన్నకి 56 ఏళ్లు, ఏఎంఎల్ (ఒక రకం లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్), కీమోతో అదుపులోకి వచ్చింది, స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ అంటున్నారు. బాబాయిదీ అత్తదీ కలవలేదు, నాది సగమే కలిసింది, పైగా నా బ్లడ్ గ్రూప్ వేరు, అంటే బతికే ఛాన్స్ సగమేనా?" అని అడిగారు. కాదు. నేను డాక్టర్ని కాను, 2019లో మా అక్కకి స్టెమ్ సెల్స్ (రక్తాన్ని పుట్టించే మూలకణాలు) ఇచ్చినవాణ్ని, మాదీ సగమే, అదీ నా అనుభవం.

బ్లడ్ గ్రూప్ టెన్షన్ ముందు వదిలేయండి. అక్కది బి పాజిటివ్, నాది ఓ పాజిటివ్, ఇప్పుడు ఆవిడదీ ఓ పాజిటివే. గ్రూప్ వేరైతే డాక్టర్లు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటారు, అంతే. (అక్క రక్త పరీక్షలో మగవాళ్లకుండే వై క్రోమోజోమ్ కూడా కనబడింది, మా అమ్మ ఇప్పటికీ "నాకు ఇద్దరు మగపిల్లలు" అని నవ్విస్తుంటుంది.)

అసలు చూసేది హెచ్‌ఎల్‌ఏ. 6వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉండే కొన్ని జన్యువులు అవి, ఒంట్లో దాదాపు ప్రతి కణం మీదా ఇది మన ఇంటిదే అని గుర్తు పెట్టేవి. అమ్మ దగ్గర్నుంచి ఒక గుత్తి, నాన్న దగ్గర్నుంచి ఒక గుత్తి వస్తాయి, కాబట్టి తోబుట్టువుది పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే, కన్నపిల్లలది మాత్రం సగం ఎలాగూ కలుస్తుంది. మీ ఇంట్లో మేనరికాలు ఉంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఒకే గుత్తి రెండు వైపుల నుంచీ తిరిగొచ్చి తల్లో తండ్రో కజినో కూడా పూర్తిగా కలిసే ఇళ్లు ఉంటాయి. మాది మేనరికమే, అయినా మాకు అలా కలిసిరాలేదు.

అక్కకి 19 ఏళ్ల కొడుకు. దాత చిన్నవయసు వాడైతే మంచిదంటారు, వాడూ నేనే ఇస్తానని కూర్చున్నాడు, మేం మొదట వెళ్లిన ఆస్పత్రిలో కూడా వాడే దాత అని రాసేశారు. రెండో చోట డాక్టరమ్మ డీఎస్‌ఏ అనే రక్త పరీక్ష రాసింది, అంటే దాత గుర్తుల మీద రోగి ఒంట్లో ముందే యాంటీబాడీలు ఉన్నాయా అని చూడటం. ఉన్నాయి, చాలా ఎక్కువగా. వాణ్ని మోసినప్పుడు మా బావ వైపు నుంచి వచ్చిన సగాన్ని అక్క ఒళ్లు పరాయిదని గుర్తుపెట్టుకుంది, అన్నేళ్లయినా మర్చిపోలేదు. ఆ సెల్స్ ఎక్కిస్తే నిలబడకుండా పోయే ప్రమాదం ఉందన్నారు. పిల్లాడు "అమ్మకి నేను పరాయివాణ్నా మామయ్యా" అని ఏడ్చాడు, ఏం చెప్పాలో తెలీలేదు నాకు. మొదటి చోట ఈ పరీక్ష ఊసే ఎత్తలేదని ఇప్పటికీ కోపమే. మీ నాన్నగారికి గర్భం సంగతి లేదు గానీ, రక్తం, ప్లేట్‌లెట్లు చాలాసార్లు ఎక్కించి ఉంటే వాటివల్ల కూడా ఇవి పుట్టొచ్చు, అందుకని అడిగి చేయించండి.

సగం మ్యాచ్‌తో ఎలా నెట్టుకొస్తారంటే, ఎక్కించాక 3వ, 4వ రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇస్తారు. పాత మందే, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు ఈ పద్ధతికి దారి వేశారు. దాత టీ కణాల్లో (పరాయివాటి మీద పోరాడే తెల్ల రక్తకణాలు) రోగి ఒంటి మీద తిరగబడేవి ఆ రెండు మూడు రోజుల్లోనే జోరుగా పెరుగుతాయి, మందు సరిగ్గా వాటినే ఎక్కువ దెబ్బ కొడుతుంది, స్టెమ్ సెల్స్ దగ్గర దాన్ని విరిచే ఎంజైమ్ ఉంటుంది కాబట్టి అవి తప్పించుకుంటాయి. ఆ తిరగబడటాన్నే జీవీహెచ్‌డీ అంటారు. అక్కకి చర్మం మీద వచ్చింది, ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు, స్టెరాయిడ్లతో తగ్గింది.

ఇంకో మాట, పూర్తిగా కలిస్తేనే గొప్ప అని కూడా అనుకోకండి. అచ్చం ఒకేలా ఉండే కవలలు ఇస్తే జీవీహెచ్‌డీ పెద్దగా ఉండదు గానీ లుకేమియా తిరగబెట్టడం ఎక్కువ, ఎందుకంటే దాత కణాలు కాస్త పరాయిగా ఉంటేనే మిగిలిపోయిన క్యాన్సర్ కణాల్ని పట్టుకుని చంపుతాయి. అటు జబ్బు కూడా తక్కువది కాదు. సగం మ్యాచ్ తర్వాత తిరగబెట్టిన కొందరిలో క్యాన్సర్ కణాలు దాతతో కలవని గుత్తినే వదిలించుకుని దొరక్కుండా తప్పించుకుంటున్నాయని 2009లో మిలాన్ డాక్టర్లు చూపించారు. దేవుడి దయవల్ల మాకు ఆ అవసరం రాలేదు గానీ, ఎప్పుడైనా తిరగబెడితే మళ్లీ అదే దాత సెల్స్ ఎక్కించే ముందు ఇది పరీక్షించమని అడగాలి, అప్పుడు వేరే సగం కలిసే దాత కావాల్సి రావచ్చు. మీ చెల్లి ఉందిగా, తన హెచ్‌ఎల్‌ఏ పరీక్ష (టైపింగ్) కూడా ఇప్పుడే చేయించి పెట్టండి. చెన్నైలోని దాత్రి అనే స్టెమ్ సెల్ దాతల రిజిస్ట్రీలో కూడా వెతకమనండి, కానీ దానికోసం ట్రాన్స్‌ప్లాంట్ ఎంతకాలం ఆపొచ్చో మీ డాక్టరే చెప్పాలి.

మీరే ఇచ్చేట్టయితే స్టెమ్ సెల్స్ రక్తంలోకి రావడానికి నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు, నడుమూ తుంటీ జ్వరం వచ్చినట్టు సలుపుతాయి, పారాసెటమాల్‌తో సర్దుకుంటుంది. తర్వాత రక్తంలోంచి ఆ సెల్స్ తీసే మిషన్ దగ్గర నాకు నాలుగున్నర గంటలు పట్టింది, రెండు చేతులకీ సూదులు. బాత్రూంకి వెళ్లొచ్చి పడుకోండి, అది మాత్రం నాకెవరూ చెప్పలేదు.