సోడియం రెండో ఎలక్ట్రాన్‌ను ఎందుకు వదలదు?

పదో తరగతి చదివే మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచిది: సోడియం ఒక్క ఎలక్ట్రాన్‌నే ఎందుకు వదులుతుంది, రెండోదాన్ని ఎందుకు వదలదు? "అష్టకం నిండింది కాబట్టి", అంటే బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు వచ్చేశాయి కాబట్టి అని బడిలో చెప్పారట. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. ఆ ఒక్క వాక్యం చేసినంత చేటు ఈ సబ్జెక్టుకు మరేదీ చేయలేదని నా గట్టి నమ్మకం. ఎనిమిది లెక్కపెట్టడం వస్తే చాలని పిల్లలు అక్కడితో ఆగిపోతారు.

ఒకసారి ప్రయోగశాలలో కిరోసిన్ సీసాలోంచి సోడియం తీసి చాకుతో కోశాను. కోసిన ముఖం వెండిలా మెరిసి, చూస్తుండగానే మసకబారింది. గోధుమగింజంత ముక్కను, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ కలిపిన నీళ్లలో వేస్తే కరిగి గుండ్రని బొట్టై, బుసకొడుతూ నీటి మీద పరుగులు తీసింది. వెళ్లిన దారంతా గులాబీ చార. ముందు వరసలోని అమ్మాయి అడిగింది: "సార్, ఎలక్ట్రాన్ పోతేనే సోడియానికి స్థిరత్వం కదా, మరి ఇన్నాళ్లూ కిరోసిన్‌లో ఎందుకు ఊరుకుంది?"

పాఠం ఆపి బోర్డు మీద అంకెలు వేశాను. ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ లాగాలంటే 496 కిలోజౌళ్లు ఖర్చు. క్లోరిన్ దాన్ని అందుకుంటే తిరిగొచ్చేది 349. రెండింటికీ అష్టకం నిండింది, లెక్కలో మాత్రం 147 లోటు! ఆ లోటు తీర్చేది అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని ఉప్పు స్ఫటికంగా పేరుకునేటప్పుడు వెలువడే జాలక శక్తి, దాదాపు 787. లోహాన్నీ క్లోరిన్ అణువునూ విడగొట్టే ఖర్చులు పోయినా 411 మిగులుతుంది. కిరోసిన్‌లో ఎలక్ట్రాన్‌ను అందుకునేవారే లేరు, అందుకే ఊరుకుంది.

ఇక మీ ప్రశ్న. రెండో ఎలక్ట్రాన్ లోపలి కర్పరంలో, కేంద్రకానికి చాలా దగ్గరగా ఉంటుంది. 11 ప్రోటాన్ల ఆకర్షణకు అడ్డు నిలిచే ఎలక్ట్రాన్లు దానికి తక్కువ. దాన్ని లాగడానికి 4562 కావాలి. సోడియంతో ఏర్పడే ఏ స్ఫటికమూ అంత చెల్లించలేదు.

ఇవన్నీ పిల్లలకు కళ్లారా చూపించాల్సిన సంగతులు. చాలా కాలేజీల్లో ప్రయోగశాలకు తాళమే. రికార్డులేమో పాత బ్యాచ్ వాళ్లవి చూసి ఎక్కించేస్తారు. సోడియాన్ని ఎన్నడూ చూడని పిల్లవాడు దాని మీద బిట్లు మాత్రం కళ్లు మూసుకుని పెడతాడు. నాకు నిజంగా కడుపు మండిపోతుంది.

అష్టకమే సర్వస్వమైతే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉండకూడదు. అందులోని రాగి అయాన్ బయటి కర్పరంలో 17 ఎలక్ట్రాన్లున్నాయి, అయినా అది నిక్షేపంగా ఉంది. జినాన్ లాంటి ఉత్కృష్ట వాయువుల బయటి కర్పరాలు నిండుగా ఉన్నాయి కాబట్టి అవి దేనితోనూ కలవవని దశాబ్దాల పాటు నమ్మారు. 1962లో వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్త అంకెలు చూశాడు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్‌ను లాగేస్తోంది. ఆక్సిజన్ అణువుకు అయ్యే ఖర్చు, జినాన్‌కు అయ్యే ఖర్చు దాదాపు ఒకటే, 1170 దరిదాపుల్లో. జినాన్‌ను ఆ హెక్సాఫ్లోరైడ్‌తో కలిపితే నారింజ పసుపు ఘనపదార్థం వచ్చింది.

మీ అమ్మాయిని అయనీకరణ శక్తులు, అంటే ఒక్కో ఎలక్ట్రాన్‌ను లాగడానికి అయ్యే ఖర్చులు, వరసగా రాయమనండి. మెగ్నీషియంకు 738, 1451, ఆ తరవాత ఒక్కసారిగా 7733. అల్యూమినియంకు ఆ దూకుడు మూడో ఎలక్ట్రాన్ దాటాక వస్తుంది.