ముఖ్యమైన పనికి టైం ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుగా రైస్‌మిల్లు బాయిలర్‌కు కంట్రోలర్ చేస్తున్నాం. డిస్‌ప్లే 50 మిల్లీసెకన్లకోసారి వస్తుంది, 15 పడుతుంది. రికార్డు రాయడం 100కోసారి, 30 పడుతుంది. నీటిమట్టం లెక్క 200కోసారి, 50 పడుతుంది. తరచుగా వచ్చే పనిని ముందు నడిపే రేట్ మోనోటోనిక్ పద్ధతిలో నీటిమట్టమే అన్నిటికంటే కింద పడింది. లెక్కలో తప్పొస్తే మళ్లీ చేయించేందుకు టైం ఉండటం లేదు. ఏం చేయాలి?

జవాబు: మంచి చోట ఆగారు, చాలామంది ఇది గమనించకుండానే ప్రాజెక్టు ఇచ్చేస్తారు. 1973లో లియు, లేలాండ్ అనే పరిశోధకులు వివరించిన ఆ పద్ధతి పని ఎంత తరచుగా వస్తుందో చూస్తుంది, అది తప్పితే బాయిలర్ ఏమవుతుందో దానికి తెలియదు. మీ మూడు పనులూ కలిపి ప్రాసెసర్‌లో 85 శాతం, నీటిమట్టం లెక్క రెండోసారి చేస్తే 110 శాతం. అంటే తప్పు వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఆగాల్సిందే, ఆ ఎవరో ముందే మీరు తేల్చి పెట్టాలి.

నీటిమట్టాన్ని అలాగే తీసుకెళ్లి రికార్డు పైన పెడితే ఏ తప్పూ లేని రోజు కూడా రికార్డు గడువు, అంటే అది మళ్లీ వచ్చే 100 మిల్లీసెకన్లు, దాటుతుంది, వేసి చూడండి, పూర్తయ్యేసరికి 125 వస్తుంది. అందుకని లెక్కను రెండు ముక్కలు చేయండి, 100కోసారి 25 చొప్పున, ఒక్కో ముక్కను అక్కడికక్కడే సరిచూడండి. ఇప్పుడు దాన్ని రికార్డు పైన పెట్టినా రికార్డు 85కల్లా అయిపోతుంది. ముక్క తప్పితే మళ్లీ చేయించండి, డిస్‌ప్లేతో కలిపి 80, గడువులోపే. ఆ కాసేపు రికార్డును పూర్తిగా ఆపండి, సగం రాసిన రికార్డు కంటే అసలు లేకపోవడమే నయం. ప్రాసెసర్ ఖాళీ అయ్యాక తిరిగి మొదలుపెట్టండి. ఒకే పనికి మామూలు టైం, జాగ్రత్త టైం అని రెండు లెక్కలు పెట్టుకోవడం వెస్టల్ అనే పరిశోధకుడు 2007లో చెప్పిన దారి. 1969 జులై 20న అపోలో 11 చంద్రుడిపై దిగుతుంటే కంప్యూటర్ మీద భారం పెరిగి 1202 అలారం వచ్చింది, అది రీస్టార్ట్ అయి దిగడానికి కావాల్సిన పనులనే నడిపించింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, మళ్లీ చేయించడం క్షణంలో వచ్చిపోయే తప్పులకే పనికొస్తుంది. సెన్సరే చెడిపోతే పదిసార్లు చేసినా అదే తప్పు వస్తుంది, కాబట్టి రెండో సెన్సర్ పెట్టండి. సేఫ్టీ వాల్వు, నీళ్లు తగ్గితే మంట ఆపే స్విచ్చు, ఈ రెండూ మీ బోర్డుతో సంబంధం లేకుండా విడిగా పనిచేయాలి. వాటి వైరింగ్ జోలికి వెళ్లకండి.